నేర్వని చెయ్యి

కుందేరు మగ్గాల గుంతల్లోకి దిగిన ఏడాది అది. మడూరు నేతగాళ్లు ఈనాటికీ ఏ సంగతినైనా ఆ ఏటినుంచే లెక్కవేస్తారు. వరదకు ముందు పుట్టినోడు, వరద తర్వాత పెళ్లయిన పిల్ల, అట్లా. అంతకుముందు కూడా ఏరు వీధిలోకి వచ్చి పోయేది. గుంతల్లో మాత్రం ఎన్నడూ నిలవలేదు. ఆ ఏడాది నిలిచింది. నేతగాడు కాళ్లు దించుకుని కూర్చునే గుంతలు బురదతో నిండిపోయాయి. పడుగులు కుళ్లాయి. గోడలు జారాయి.

సర్కారు ఊరిని లేపి ఐదు కాలనీలుగా ఐదు చోట్ల పెట్టింది. ఒక వీధిలో తయారయ్యే చీర ఐదు చోట్లకు చీలిపోయింది. నూలుకు రంగులద్దేవాళ్లు ఒక కాలనీలో పడ్డారు, పడుగు తీసేవాళ్లు ఇంకో కాలనీలో. నేసేవాళ్లు మిగిలిన మూడింటిలో. వెనకైతే అరుగుమీదనుంచి కేకేస్తే సరిపోయేది. ఇప్పుడు ప్రతి మాటకూ ఫోను కావలసి వచ్చింది. సొసైటీ ఐదు కాలనీలకూ కలిపి సొంత నెట్టు ఒకటి పెట్టించుకుంది. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో, అంచులో ఎన్నో పోగు లేవాలో అంతా ఆ ఫోన్లలోనే చెప్పుకునేవారు.

ఆ మాటలు ఎవరో వింటున్నారని నాగలింగం కనిపెట్టాడు.

నాగలింగం సొసైటీ ప్రెసిడెంటు. చెయ్యి తిరిగిన నేతగాడు కూడా. వేరుశనగ పువ్వు అంచు ఒకటి కొత్తగా కట్టి, ఫోనులో అన్ని కాలనీలకూ చెప్పాడు. చెప్పేటప్పుడు ఒక పోగు తప్పు చెప్పాడు. మగ్గం మీద వేసేటప్పుడు తానే చూసుకుని దిద్దుకున్నాడు. మొదటి చీర ఇంకా మగ్గం దిగకముందే ప్రొద్దుటూరు అంగట్లో అదే అంచు వేలాడుతూ కనిపించింది. మరమగ్గం చీర. దగ్గరికి పోయి చూస్తే, తాను నోటితో చెప్పిన తప్పు పోగు అందులో అట్లాగే ఉంది.

"దొంగనాయాళ్లు, నా తప్పు గూడా ఎత్తుకపోయినారు బావా," అన్నాడు వచ్చి, ఓబులేసుతో.

ఓబులేసు అతని అక్క మొగుడు, పక్కింట్లోనే ఉంటాడు. తక్కువ మాటల మనిషి. అతనికి చేతి వణుకు పట్టుకుని అప్పటికి రెండేళ్లు దాటింది. అడ్డపోగు మోసే నాడె విసిరితే దారి తప్పేది, ఆ పోగును బిగించే అచ్చు లాగితే ఒక దెబ్బ గట్టిగా, ఒకటి మెత్తగా పడేది. కొత్త కాలనీలో సొసైటీ అతనికీ ఒక గుంత తవ్వించింది. అతను అందులోకి దిగలేదు. పొద్దంతా భార్య సుంకమ్మ కండెలు చుట్టే రాట్నం పక్కన కూర్చుని, తెగిన పోగుల్ని చూపించేవాడు. అతికే పని కూడా చేతకాదు. చూపించడమే.

సొసైటీ వాళ్లు హాజిరాను పిలిపించారు. ఆ పిల్ల దూదేకుల ఇంటి పిల్ల. ఫోన్ల కంపెనీలో పనిచేసి, అక్కడ పొసగక సొంతంగా ఫోన్లకు పనికొచ్చే పెట్టెలు తయారుచేసుకుంటూ ఉంది. ఆమె తెచ్చిన పెట్టె అన్నం డబ్బా అంత ఉంది. దాన్ని నాగలింగం మగ్గం కింద కట్టింది.

"ఇది ఏం చేస్తాది తల్లీ?" అంది సుంకమ్మ.

హాజిరా రాట్నం దగ్గరున్న నూలు కొంచెం తీసి, రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపి, ముద్ద చేసి ఇచ్చింది. "ఇప్పు అత్తా."

"ఇదెక్కడ ఇప్పేది? పారేయల్ల."

"ఏ పోగు యాడ దూరిందో గుర్తుండేవాళ్లయితే ఇప్పుతారు కదా. ఫోన్లో మాటను గూడా ఇట్లనే చిక్కు చేస్తా. ఆ చిక్కు ఎట్ల పడిందో మన ఐదు చోట్లకే తెలుస్తాది. మధ్యలో వినేవానికి గొల్లుమని మోత తప్ప ఏమీ ఇనపడదు."

"దానికి మగ్గం ఏంటికి?" అన్నాడు నాగలింగం.

"చిక్కు వేసేదానికి. యంత్రం వేసిన చిక్కును ఇంకో యంత్రం ఇప్పేస్తాది సార్. మరమగ్గాల వాళ్ల దగ్గరుండే వినే యంత్రం అట్లాంటిది. దేన్లో వరస ఉన్నా కనిపెడతాది. మనిషి చెయ్యి అయితే దెబ్బకూ దెబ్బకూ మధ్య రవ్వంత తేడా వస్తాది. ఆ తేడాలన్నీ ఈ పెట్టె ఏరుకుంటాది."

ఆ రోజు పడిన చిక్కంతా గోరంత బిళ్లలోకి ఎక్కేది. తెల్లారి నూలు మూటలు మోసుకుపోయే సొసైటీ ఆటోలో, మూట మధ్యలో పెట్టి తక్కిన నాలుగు కాలనీలకూ పంపేవారు. నిన్నటి బిళ్ల ఈరోజు పనికిరాదు.

అంత చేసినా రెండో అంచు కూడా పోయింది. ఈసారి గువ్వకన్ను అంచు.

హాజిరా వచ్చి పెట్టె విప్పింది. తన చేతిలోని కంప్యూటరు పలక మీద నాగలింగం దెబ్బల గీత చూసుకుంది. గీతను వెనక్కి జరిపి మళ్లీ చూసుకుంది. ఆ తర్వాత, "సార్, మీరు మనిషేనా?" అంది.

"ఏమ్మా?"

"పొద్దన్నుంచి సాయంత్రందాకా ఒకే దెబ్బ. గడియారం గూడా ఇంత సరిగ్గా కొట్టదు. వాళ్ల యంత్రం మూడు రోజుల్లో నేర్చేసుకునింది మీ చెయ్యిని."

నాగలింగానికి రోషం వచ్చింది. "నలభై ఏండ్లు కాళ్లు ఇరిగేట్టు తొక్కి నేర్చుకున్న దెబ్బ ఇది. బాగా నేసేది తప్పంటావా?"

"తప్పని కాదు సార్. పనికిరాదంటున్నా."

"పనికిరాదంట! ఇన్నావా అక్కా, నా చెయ్యి పనికిరాదంట!"

సుంకమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఓబులేసు లోపలినుంచి హాజిరాకు టీ తెచ్చాడు. అతనికి టీ మోయడం అంటే పెద్ద పని. గ్లాసు పళ్లెంలో పెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు. గ్లాసు పళ్లెం మీద గలగలమంటూ వచ్చింది. ఒకసారి జోరుగా, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి ఆగి, మళ్లీ.

హాజిరా టీ అందుకోలేదు. ఆ మోత వింటూ ఉండిపోయింది.

"మామా, అట్లే పట్టుకో."

"ఏంటికి?"

"కొంచేపు. కదలొద్దు."

"కదలకుండా ఉండగలిగితే నాకు ఈ గతి ఏంటికి?" అన్నాడు ఓబులేసు. అతని మొహం ఎర్రబడింది. తన చేతిని ఎవరైనా చూస్తే అతనికి ఒళ్లు మండేది. పళ్లెం నేలమీద పెట్టి బయటికి పోయాడు.

హాజిరా వెంట పోయింది. ఏం చెప్పిందో ఏమో, అరగంటకు ఇద్దరూ తిరిగి వచ్చారు. ఓబులేసు పంచె ఎగగట్టుకుని, ఎన్నడూ దిగని తన గుంతలోకి దిగాడు.

*

ఆ మీదట నాలుగు నెలలు ఒక్క అంచు కూడా పోలేదు. పెట్టె ఓబులేసు మగ్గం కిందికి మారింది. అతను రోజూ నేసేవాడు. నేసింది గుడ్డ అనడానికి లేదు. ఒక చోట వల మాదిరి పలచగా, ఒక చోట గోనె మాదిరి మందంగా పడేది. సొసైటీ దాన్ని తీసుకుని రంగు కుండలు తుడవడానికి వాడేది. అయినా అతను పొద్దున్నే స్నానం చేసి, అచ్చుకు దండం పెట్టుకుని మరీ దిగేవాడు. తోవలో ఎదురైన వాళ్లు, "ఏం ఓబులేసన్నా, బాగా వణుకుతాండాదా?" అని అడిగేవాళ్లు. అతను తల ఊపేవాడు. రెండేళ్లుగా అతన్ని చూసి మొహం తిప్పుకున్నవాళ్లే వీళ్లు.

సుంకమ్మకు మాత్రం ఇది నచ్చలేదు. ఆ వణుకుకు కొత్త మాత్రలు వచ్చాయని ప్రొద్దుటూరు డాక్టరు చెప్పి రాసిచ్చాడు. ఆలస్యం చేస్తే అవి కూడా పనిచేయవన్నాడు. సుంకమ్మ తెచ్చి పెట్టింది. ఓబులేసు వాటిని దేవుడి గూట్లో పెట్టి ఊరుకున్నాడు.

"ఎప్పుడు మింగుతావు?" అని అడిగింది ఒకరోజు.

"చూద్దాం."

"నిన్న అన్నం ముద్ద నోటికి పోక చెవి పక్కకు పోయింది. నేను చూడలేదనుకున్నావా?"

అతను పంచె సర్దుకున్నాడు.

"ఆ చెయ్యి నీదా, సొసైటీదా?"

లేచి గుంతలోకి దిగాడు.

దసరా దాటాక ఓబులేసు చేతికి ఏదో అయింది. మొదట అతనే నమ్మలేదు. నాడె విసిరితే తిన్నగా పోయి అవతల పడింది. మళ్లీ విసిరాడు. మళ్లీ తిన్నగానే పోయింది. అచ్చు లాగితే దెబ్బ పడాల్సిన చోట పడింది. వారం తిరిగేసరికి జానెడు గుడ్డ సాపుగా దిగింది. వేలితో రాసి చూసుకున్నాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. గుంతలో కూర్చునే, ఎవరూ చూడకుండా, పంచె చెంగుతో కళ్లు తుడుచుకున్నాడు.

ఈ మాట కాలనీ అంతా పాకింది. నేతగాళ్లు ఒక్కొక్కరే వచ్చి మగ్గం మీది గుడ్డను తడిమి చూసిపోయారు. "చౌడమ్మ తల్లి కన్ను తెరిచింది," అన్నారు ఆడవాళ్లు. నాగలింగం మగ్గం మీదే గుడ్డకు పసుపు రాసి, అమ్మవారి దగ్గర టెంకాయ కొట్టించాడు. తక్కిన నాలుగు కాలనీలకూ ఫోనులో చెప్పాడు. వాళ్లూ సంతోషపడ్డారు. ఎవరికీ హాజిరాకు చెప్పాలని తోచలేదు. గుడ్డ చెడిపోతే చెప్పాలి గానీ, బాగా వస్తే చెప్పేదేముంది? నేతగాడి పుట్టుక పుట్టినవాడికి సాపుగా నేసిన గుడ్డలో అపాయం కనిపించదు.

ఆ వారంలోనే మామిడిపిందె అంచు పోయింది. పెళ్లిళ్ల కోసం ఐదు కాలనీలూ నమ్ముకున్న అంచు అది. మరమగ్గం చీరలు లారీల్లో దిగాయి. రెండు కాలనీల వాళ్లు మగ్గాలు విప్పి అటక మీద వేశారు. ఇళ్లు కట్టే చోట బేల్దారి పనికి పోయారు. ఇంకొక్క అంచు పోతే సొసైటీకి తాళం వేయడమేనని నాగలింగం తేల్చి చెప్పాడు.

*

హాజిరా వచ్చి పలక మీద గీత చూసింది. ఓబులేసు చెయ్యి చూసింది.

"మామా, మాత్రలు మింగుతాండావా?"

"లేదే." నిజంగానే అన్నాడు.

రాట్నం ఆగింది. "నేను వేస్తాండా," అంది సుంకమ్మ. "పొడి చేసి మజ్జిగలో. నెల దాటింది."

ఓబులేసు ఇంటి ముందు జనం ఉన్నారు. ఓబులేసు భార్యను చూశాడు. ఆమె తల దించలేదు.

"ఇప్పుడు మానితే?" అన్నాడు హాజిరాతో.

"మానితే వణుకు మళ్లా వస్తాది మామా. మాత్రల సంగతి డాక్టరును ముందే అడిగినా. ముందుకన్నా జాస్తిగా వస్తాదంట. ఆ తర్వాత మాత్ర వేసినా పని చేయదంట."

హాజిరా ఇంకో దారి వెతకడానికే చూసింది. ఓబులేసు మగ్గం మీద అందరినీ కూర్చోబెట్టింది. నాగలింగం ఎడమచేత్తో నేశాడు. మధ్యాహ్నానికల్లా ఎడమ చెయ్యి కుడి చెయ్యి అయిపోయింది. మగ్గం ఎన్నడూ ఎక్కని సుంకమ్మ కూర్చుంది. నలభై ఏళ్లుగా పక్కన కండెలు చుడుతూ విన్న దెబ్బే ఆమె చేతిలోంచి వచ్చింది. బడికి పోయే పిల్లలూ అంతే. గుంతలో కాళ్ల కింది చెక్క తొక్కడం రాకున్నా, తొక్కిన నాలుగు సార్లూ వరసలోనే తొక్కారు.

"మీ రక్తంలోనే ఉందబ్బా ఈ గడియారం," అంది హాజిరా విసుగ్గా. "కడుపులో బిడ్డను తెచ్చినా ఇదే దెబ్బ కొడతాది."

ఇక ఎవరూ మిగల్లేదు. జనం ఊరకే నిలబడ్డారు. అందరి చూపూ ఓబులేసు కుడిచెయ్యి మీదే ఉంది. అతనికి ఆ చూపులు తగులుతున్నాయి. చెయ్యి పంచె మడతలో దాచుకున్నాడు.

సుంకమ్మ లేచి వాళ్ల ముందుకు వచ్చింది. "అడగండి," అంది. "ఊరికే చూడబాకండి. ఓబులేసూ, మాత్ర మానుకో, నీ చెయ్యి మాకియ్యి అని నోటితో అడగండి. నాగలింగా, ప్రెసిడెంటువు కదా, నువ్వే అడుగు."

"నేనెట్ల అడుగుతా అక్కా?" అన్నాడు నాగలింగం. కానీ వద్దనీ అనలేదు.

"మానుకుంటాలే," అన్నాడు ఓబులేసు.

"నువ్వు మానుకుంటే మజ్జిగలో వేస్తా. మజ్జిగ మానుకుంటే చారులో వేస్తా. ఎన్ని మానుకుంటావో నేనూ చూస్తా."

ఆ గొడవలో ఉండగానే గొర్రెల మద్దిలేటి వచ్చాడు. కాలనీ వెనక మంద తోలుకునే మనిషి. గొర్రెపిల్ల ఒకటి ఓబులేసు ఇంట్లోకి దూరితే పట్టుకుపోవడానికి వచ్చాడు. హాజిరాకు ఏం తోచిందో, "అన్నా, ఒక్క నిముషం ఈ గుంతలో కూర్చుని ఆ తాడు లాగుతావా?" అంది.

"నేనా తల్లీ? గుంతలోకా?" అతను చుట్టూ చూశాడు. నేతగాళ్ల గుంతలో బయటి మనిషి కాలు పెట్టింది మడూరులో ఎవరూ ఎరగరు. అయినా ఆ పిల్ల అడిగిందని దిగాడు. లాగాడు. నాడె ఎగిరి గొర్రెపిల్లకు తగిలింది. మళ్లీ లాగాడు. ఒకటి ఆపి, ఒకటి కుదిపి, మధ్యలో చంకలోని పిల్లను సర్దుకుంటూ.

హాజిరా పలక చూసి కేక వేసింది. "మామా! నీ చెయ్యి కన్నా అధ్వాన్నం!"

మద్దిలేటి సిగ్గుపడి, గుంతలోంచి ఎగబాకి, పిల్లనెత్తుకుని వెళ్లిపోయాడు.

నాగలింగం తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. అది జరిగే పని కాదు. మన తాతల కాన్నుంచి మగ్గం బయటివాళ్లకు నేర్పింది లేదు. గుట్టు దాచుకునేదానికి గుట్టంతా నడి బజార్లో పెడతామా?"

అవునవునన్నారు జనం. ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. అతను మాట్లాడబోతున్నాడని అందరూ ఆగారు.

"దాచేది అంచు," అన్నాడు. "మగ్గం కాదు. మగ్గం తెలిస్తే పోయేదేముంది? నేర్చుకునేవాళ్లు లేకనే కదా మగ్గాలు ఏటికేడు తగ్గిపోతాండేది."

"వాడు నేర్చుకుంటే చెయ్యి కుదురుతాది కదా బావా. అప్పుడేం చేస్తావు?"

"నేర్వనోన్ని ఇంకొకన్ని తెస్తా."

"వాడూ నేర్చుకుంటే?"

"ఇంకొకన్ని. నేసేవాళ్లు ఇద్దరు పెరుగుతారు. నీకేం నొప్పి?"

ఎవరో నవ్వారు. నాగలింగం నవ్వలేదు. "సరే. ఎవరి గుంత ఇస్తారు? చెప్పండి. ఇంటికొక మగ్గం తప్ప ఎవరికుంది? బయటోనికి గుంత ఇచ్చి, వాళ్లు పొద్దంతా అరుగు మీద కూర్చోవల్ల."

ఎవరూ చెయ్యెత్తలేదు. నాగలింగం కూడా ఎత్తలేదు. ఓబులేసు తన మగ్గం వైపు చూశాడు. సాపుగా దిగిన గుడ్డ జానెడు మీద నాలుగు వేళ్లు ఉంది. రెండేళ్ల తర్వాత చెయ్యి వచ్చింది. వచ్చి నెలైనా కాలేదు. ఇప్పుడు గుంత వదిలితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో తెలియదు. ఒకడు నేర్చుకుంటే ఇంకొకడు దిగుతాడు. అతని బతుకున్నంతకాలం ఆ గుంతలో ఎవడో ఒకడు రాని చేత్తో కొడుతూనే ఉండాలి. తాను గట్టున కూర్చుని చెప్పాలి. చెప్పడం అతనికి అసలే చేతకాని పని.

సుంకమ్మ అతని పక్కకు వచ్చి నిలబడింది. ఇచ్చేయమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"నాది ఇస్తా," అన్నాడు ఓబులేసు.

*

మరుసటి పొద్దున అతను సుంకమ్మ ముందర మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. కత్తెర తీసుకుని గుంతలోకి దిగి, తాను నేసిన గుడ్డను కోశాడు. చెయ్యి వణకలేదు. గుడ్డ మడిచి సుంకమ్మకిచ్చి, మిగిలిన పడుగును బిగించి కట్టి, కొత్త కండె ఒకటి నాడెలో పెట్టి పైకి వచ్చాడు. నాగలింగం అరుగు మీద పళ్లు తోముకుంటూ చూస్తున్నాడు. ఓబులేసు అతని ముందునుంచే నడిచి, కాలనీ దాటి, గొర్రెల దొడ్డి దగ్గరికి పోయాడు.

మద్దిలేటి పాలు పిండుతున్నాడు. "ఏం పెద్దాయనా, ఇంత పొద్దన్నే?"

"రా," అన్నాడు ఓబులేసు.

"యాడికి? మందను తోలల్ల."

"తోలుకునే రా. వీధిలో నిలబడతాయిలే."

మంద వీధినిండా నిలబడింది. గడపల్లోంచి ఆడవాళ్లు, పిల్లలు చూస్తున్నారు. మద్దిలేటి చెప్పులు విప్పి, గుంత అంచున ఆగాడు. కాళ్లకు గొర్రెల పెంట ఉందని చూపించాడు. ఓబులేసు చెంబుతో నీళ్లు తెచ్చి తానే వంగి ఆ కాళ్ల మీద పోశాడు. అతని భుజం పట్టుకుని, "దిగు," అన్నాడు.